ఒకే చొక్కా, మూడు రూపాలు: కథానికకూ గద్య కవితకూ మధ్య గీత ఎక్కడ?

నెలకోసారి కూర్చుని తాము రాసినవి చదువుకునే చిన్న సాహిత్య బృందాల్లో ఒక దృశ్యం తరచు కనిపిస్తుంది. ఒకరు లేచి పన్నెండు వాక్యాల పేరా చదువుతారు. వినగానే ఒకరు "చిన్న కథే అయినా కదిలించింది" అంటారు. పక్కనున్నవారు "కథెక్కడుంది, అది కవిత కదా" అంటారు. మూడో మనిషి కళ్ళజోడు సర్దుకుని "రెండూ కాదు, డైరీలో ఉంచుకోవలసిన మాటలు" అని తేల్చేస్తారు. రాసినవారు మాత్రం టీ గ్లాసులోకి చూస్తూ కూర్చుంటారు. తాము ఏం రాశారో చెప్పమంటే వారి దగ్గరా జవాబు ఉండదు.

ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి రూపానికి సంబంధించినది: ఒక పేరా ఎప్పుడు కథ అవుతుంది, ఎప్పుడు కవిత అవుతుంది? రెండోది పుట్టుకకు సంబంధించినది: ఆ రూపం రచయితకు మొదటి మెరుపుతోనే వస్తుందా, దిద్దుకుంటూ పోతే తేలుతుందా? మొదటిదాన్ని విప్పితే తప్ప రెండోది అందదు. మొదటిదాన్ని విప్పాలంటే ముందు పేర్ల సంగతి చూడాలి.

వచన కవిత వచనం ఎందుకు కాదు?

చిక్కంతా 'వచనం' అనే మాటలో ఉంది. విడిగా వాడితే వచనం అంటే గద్యమే: వార్త, ఉత్తరం, నవల, ఈ వ్యాసం. 'వచన కవిత' అన్నప్పుడు మాత్రం ఆ అర్థం సగమే నిలుస్తుంది. గణాలు, యతిప్రాసలు వదిలేసినా పాదాలుగా విరిచి రాసే కవిత అది. 1939లో కవి పఠాభి 'ఫిడేలు రాగాల డజన్'లోని తన రచనలను 'వచన పద్యాలు' అన్నారు. రెండు విరుద్ధమైన మాటలను పక్కపక్కన కూర్చోబెట్టి పండితులను ఉడికించడం ఆయనకు సరదా. తర్వాత కుందుర్తి ఆంజనేయులు ఫ్రీవర్స్ ఫ్రంట్ పెట్టి ఆ రూపాన్ని ఉద్యమంలా నడిపారు. 'వచన కవిత' అన్న పేరు జనం నోళ్ళలో స్థిరపడింది.

అసలు పాదాలే లేకుండా, మామూలు పేరాలా రాసే కవితను ఏమనాలి అన్న ప్రశ్న వచ్చేసరికి ఆ పేరు అప్పటికే ఇంకొకరి పేరున పట్టా అయిపోయింది. అందుకే దీన్ని 'గద్య కవిత' అంటున్నాం. పాఠకులు చాలామంది రెండూ ఒకటేననుకోవడానికి కారణం వారి అజ్ఞానం కాదు, మన పేర్లే అలా ఉన్నాయి.

కథ వైపు పేర్ల గొడవ కొంత తక్కువ. కథ అంటే అవ్వ చెప్పినదీ అవుతుంది, రామాయణమూ అవుతుంది. పత్రికలతో పాటు పెరిగిన ఆధునికమైన చిన్న కథను ప్రత్యేకించి చెప్పడానికి 'కథానిక' అన్నారు. 1910లో గురజాడ రాసిన 'దిద్దుబాటు' మొదటిదని చాలాకాలం చెప్పుకున్నాం. 1902 నాటి బండారు అచ్చమాంబ కథలను ముందు పెట్టాలనే వాదం ఇప్పుడు బలంగా ఉంది. కథానిక కంటే చిన్నగా, వ్యాఖ్యానమో వెక్కిరింపో కలిసి ఉండేది గల్పిక. పోస్టుకార్డు మీద పట్టేంత రాస్తే కార్డు కథ. ఇవన్నీ ఎంత పొడుగు అన్నదాన్ని బట్టి వచ్చిన పేర్లు. మన చిక్కును పొడుగు విప్పలేదు. పది వాక్యాల కథ ఉంటుంది, మూడు పేజీల గద్య కవితా ఉంటుంది.

రెండు ప్రశ్నలను ఒకటిగా అడగడం

"కథా, కవితా?" అన్నప్పుడు మనం తెలియకుండానే "గద్యమా, పద్యమా?" అని కూడా అడుగుతున్నాం. ఇవి వేరు వేరు. గద్యం, పద్యం అన్నవి మాట నడిచే తీరు. కథ, కవిత అన్నవి ఆ మాట చేసే పని. గురజాడే పూర్ణమ్మ కథను గేయంగా చెప్పారు. కాబట్టి పద్యంలో కథ ఉండవచ్చు. అలాగే గద్యంలో కవిత ఉండవచ్చు.

కావ్య లక్షణాలు చెప్పిన పాత ఆలంకారికులకు ఈ విషయంలో మనకున్నంత గందరగోళం లేదు. వారికి గద్యమైనా పద్యమైనా కావ్యమే. అగ్నిపురాణం గద్యకావ్యాన్ని అయిదు రకాలుగా చెబుతూ వాటిలో ఒకదాన్ని 'కథానిక' అంది. అంటే మనం ఆధునికమనుకునే మాట ఎప్పుడో కావ్యాల ఇంట్లోనే పుట్టి పెరిగింది. ఎనిమిదో శతాబ్దపు ఆలంకారికుడు వామనుడు ఇంకో అడుగు ముందుకు వేశాడు. గద్యాన్ని పద్యం కంటే ముందు ఎందుకు పేర్కొన్నారంటే, దాని విశేషాలు కంటికి ఆనవు కాబట్టి కూర్చడం కష్టం అన్నాడు. "గద్యం కవీనాం నికషం వదంతి" అన్న మాటను ఉదాహరించింది అక్కడే. కవులకు గీటురాయి గద్యమే అంటారని దాని అర్థం. గద్యాన్ని మూడు రకాలు చేసి, అందులో ఒకదానికి 'వృత్తగంధి' అని పేరు పెట్టాడు. ఛందస్సు లేదు గానీ ఛందస్సు వాసన తగులుతూ ఉండే గద్యం. గద్య కవితకు ఇంతకంటే మంచి పేరు నాకు తెలియదు. ఎవరూ వాడకపోవడం మన దురదృష్టం.

తెలుగులోనూ దీనికి వేర్లు ఉన్నాయి. సింహాచలం అప్పన్నను ఉద్దేశించి కృష్ణమాచార్యులు చెప్పిన సింహగిరి వచనాలు కాకతీయుల నాటివి. అవి భక్తుడు దేవుడితో మాట్లాడుకున్న గద్యం. పాట కాదు, పద్యమూ కాదు, అయినా ఊపు ఉంది.

దర్జీ కొట్టులో వదిలేసిన చొక్కా

సూత్రాలు ఇంతటితో చాలించి ఒక వస్తువును తీసుకుందాం. దర్జీ కొట్టులో కుట్టి సిద్ధంగా ఉన్న చొక్కా. తీసుకెళ్ళవలసిన మనిషి చనిపోయాడు. ఇదీ ముడిసరుకు. ముందు కథగా:

దసరాకు మూడు రోజుల ముందు ఒక పిల్లవాడు రసీదు పట్టుకుని వచ్చాడు. పదమూడేళ్ళుంటాయి. రసీదు మీద తండ్రి పేరు, వేసవి నాటి తేదీ.
"మాస్టారూ, చొక్కా తీసుకురమ్మంది మా అమ్మ."
దర్జీ హ్యాంగరు దించి, కవరులో పెట్టబోయి ఆగాడు. "ఎవరు వేసుకుంటారు బాబూ?"
"నేనే. కురచ చేయించుకురమ్మంది."
దర్జీ టేపు తీశాడు. తండ్రి కొలతలున్న పేజీలోనే, వాటి పక్కన, పిల్లవాడి కొలతలు రాసుకున్నాడు. కత్తెర చేతిలోకి తీసుకుని మళ్ళీ బల్ల మీద పెట్టాడు. గుడ్డ కోయకుండా మొత్తం లోపలికి మడిచి కుట్టాడు.
పిల్లవాడు తొడుక్కుని చూశాడు. "బరువుగా ఉంది" అన్నాడు.
"కొన్నాళ్ళు ఉంటుంది" అన్నాడు దర్జీ.

ఇప్పుడు అదే చొక్కా గద్య కవితగా:

హ్యాంగరుకు ఒక చొక్కా ఉంది. ఛాతీ ముప్పై ఎనిమిది, భుజం పదిహేడున్నర, చెయ్యి ఇరవై నాలుగు. ఇంతటి మనిషి ఒకడు ఉండాలి. కరెంటు పోతే చొక్కా సన్నబడుతుంది. కరెంటు వచ్చి ఫ్యాను తిరిగితే దానికి భుజం వస్తుంది, ఛాతీ వస్తుంది, ముప్పై ఎనిమిదీ వస్తుంది, చేతులు రెండూ తలుపు వైపు లేస్తాయి. బొత్తాలన్నీ పెట్టి ఉన్నాయి. మెడ దగ్గరిది మాత్రం వదిలారు, ఊపిరి ఆడాలని. కొలతల పుస్తకంలో మనిషి ఉన్నాడు. నీలం సిరాతో ఉన్నాడు. ఒక్క అంగుళం తగ్గలేదు.

చివరగా వచన కవితగా, పాదాలు విరిచి:

రసీదు చిరగలేదు
తేదీ చెరగలేదు
చొక్కా
ఎదురు చూస్తోంది
రెండు చేతులూ
కిందికి
వదిలేసి

మూడింటిలో ఏది ఏ పని చేస్తోంది?

కథలో కాలం నడుస్తోంది. వేసవి నుంచి దసరాకు వచ్చాం. పిల్లవాడు అడిగాడు, దర్జీ ఒక నిర్ణయం తీసుకున్నాడు. కత్తెర కింద పెట్టిన క్షణం తర్వాత ఆ ఇద్దరూ కథ మొదట్లో ఉన్న మనుషులు కారు. ఆ క్షణాన్ని తీసేస్తే మిగిలేది చొక్కా కురచ చేయించుకున్న సంగతి మాత్రమే. కథ చదువుతున్నంతసేపూ పాఠకుడి మనసులో నడిచే ప్రశ్న "తర్వాత?" అన్నది.

'దిద్దుబాటు'లోనూ ఇదే యంత్రం పనిచేస్తుంది, ఎంతో నేర్పుగా. "తలుపు! తలుపు!" అన్న పిలుపుతో మొదలవుతుంది. అర్ధరాత్రి దాటాక ఇంటికి చేరిన భర్తకు భార్య కనబడదు, ఉత్తరం కనబడుతుంది. చివరికి మంచం కింద నుంచి నవ్వు వినబడుతుంది. ఒకే ఇల్లు, ఒకే రాత్రి. గుమ్మంలో నిలబడి పిలిచిన భర్త వేరు, ఆ నవ్వు విన్న భర్త వేరు. మధ్యలో ఒక్క మెట్టు ముందు వెనుకలు చేసినా కథ కూలిపోతుంది. నవ్వు మొదటే వినబడితే ఉత్తరానికి పనే లేదు.

గద్య కవితకు వద్దాం. దర్జీ లేడు, పిల్లవాడు లేడు, చావు అన్న మాటే లేదు. జరిగినదల్లా కరెంటు పోయి రావడం. ఇక్కడ "తర్వాత?" అని అడిగే పాఠకుడు నిరాశపడతాడు. పాఠకుణ్ణి నిలబెట్టేది తిరిగి రావడం. ముప్పై ఎనిమిది మొదట కొలతగా వచ్చింది, రెండోసారి మనిషిగా వచ్చింది. 'ఉండాలి' అన్నది చివర 'ఉన్నాడు' అయింది, అదీ పుస్తకంలో. వాక్యాల పొడుగు కూడా పనిలో భాగమే. ఫ్యాను తిరిగినప్పుడు వాక్యం సాగింది, ఆగాక ముక్కలైంది. యతి లేని చోట ఆ బరువును వాక్యం మోయాలి. కథకు ఉన్న సంఘటన బలమూ లేదు, పద్యానికి ఉన్న పాదం బలమూ లేదు. రెండు చేతికర్రలూ అవతల పెట్టి నడవడం లాంటిది ఇది. వామనుడు గీటురాయి అన్నది ఊరికే కాదు.

వచన కవితలో విరుపు చేసే పని తెలియాలంటే పాదాలు కలిపి చూస్తే చాలు. "చొక్కా ఎదురు చూస్తోంది రెండు చేతులూ కిందికి వదిలేసి." ఇది మామూలు వాక్యం. 'కిందికి' దగ్గర చూపు నిజంగా కిందికి దిగడం పాదం వల్లే సాధ్యమైంది. పాదాలు కలిపాక ఏమీ పోలేదంటే ఆ విరుపులు అలంకారానికి పెట్టినవే.

గీత చెరిగిపోయే చోట్లు

ఇంతవరకూ చెప్పింది పాఠ్యపుస్తకంలో పెట్టుకోవడానికి బాగుంటుంది. చరిత్ర అంత బుద్ధిగా నడవలేదు.

1842లో అమెరికా రచయిత ఎడ్గార్ అలెన్ పో తన సమకాలికుడి కథల మీద సమీక్ష రాస్తూ, కథ ఒక్క కూర్చోవడంలో చదవగలిగేలా ఉండాలన్నాడు. అర గంట నుంచి రెండు గంటలు. ముందుగా ఒకే ఒక ప్రభావాన్ని అనుకుని, మొదటి వాక్యం నుంచీ ప్రతి మాటా దానికోసమే పనిచేయాలన్నాడు. కథానిక శిల్పం గురించిన చర్చలన్నీ ఇప్పటికీ ఎక్కడో ఒక చోట ఆ మాటకు తగులుతాయి. చిత్రమేమిటంటే, పో కథలను ఫ్రెంచిలోకి అనువదించి యూరప్‌కు పరిచయం చేసిన బోదలేరే గద్య కవితకు ఊరూ పేరూ తెచ్చిన కవి. అంతకుముందే అలోయిసియస్ బెర్త్రాఁ అనే ఫ్రెంచి కవి రాసిన పుస్తకం (1842) తనకు దారి చూపిందని ఆయనే చెప్పాడు. ఛందస్సూ అంత్యప్రాసా లేకుండానే సంగీతం పలికే గద్యం కావాలని ఆయన కల. అలా ఆయన రాసిన యాభై గద్య కవితలు ఆయన పోయిన రెండేళ్ళకు, 1869లో, పుస్తకంగా వచ్చాయి.

ఆ యాభైలో ఒకటి ఇలా నడుస్తుంది. ఒక చిత్రకారుడి దగ్గర ఉండే కుర్రవాడు ఉరి వేసుకుంటాడు. తల్లి వచ్చి ఆ తాడు ఇమ్మని బతిమాలుతుంది. కన్నపేగు అనుకుంటాడు చిత్రకారుడు. ఉరితాడు ముక్క దగ్గరుంటే అదృష్టమని నమ్మే ఇరుగుపొరుగు తమకొక ముక్క కావాలని ఉత్తరాలు రాసేసరికి, ముక్కలు అమ్ముకోవడానికే తల్లి తాడు అడిగిందన్న అసలు సంగతి తెలుస్తుంది. ఇందులో మనుషులున్నారు, సంఘటన ఉంది, చివరి మలుపు ఉంది. "తర్వాత?" అన్న నా కొలబద్ద ఇక్కడ విరిగిపోతుంది. దీన్ని కథ అంటే కాదనగలవారెవరు? అయినా అది గద్య కవితల పుస్తకంలోనే ఉంది.

మనకు దగ్గరి ఉదాహరణ రవీంద్రుడిది. తన బెంగాలీ గీతాలను తానే ఇంగ్లీషు గద్యంలో పెట్టి 1912లో 'గీతాంజలి'గా అచ్చు వేయించారు. మరుసటి ఏడు నోబెల్ వచ్చింది. పాశ్చాత్యులు ఆ గద్యాన్ని కవిత్వంగానే అందుకున్నారు. మరి బెంగాలీ గద్యానికి ఆ శక్తి ఉండదా అన్న సందేహం ఆయన్ను పట్టుకుంది. 1922 నాటి 'లిపిక' అనే బెంగాలీ గద్య పుస్తకంలో చేసి చూశారు. పదేళ్ళ తర్వాత 'పునశ్చ' ముందుమాటలో ఆ ప్రయోగం గురించి రాస్తూ, అచ్చు వేసేటప్పుడు ఆ వాక్యాలను పద్యంలా విరవలేదని, బహుశా దానికి కారణం పిరికితనమేనని ఒప్పుకున్నారు. నోబెల్ అందుకున్న కవి, పాదం విరవడానికి జంకానంటున్నాడు! అంటే 'లిపిక'లోని పేరాలు పేరాలుగా ఉండడం శిల్పమా, భయమా? చదువుతున్న మనకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. అచ్చులో కనిపించే ఆకారాన్ని బట్టి రూపాన్ని తేల్చేవారిని ఈ ఒక్క వాక్యం చాలాకాలం నిద్రపోనివ్వదు.

పురస్కారాలు కూడా గీతను స్పష్టం చేయలేదు. 1990లో చార్లెస్ సిమిక్ గద్య కవితల పుస్తకానికి కవిత్వ విభాగంలో పులిట్జర్ ఇచ్చినప్పుడు, పేరాలను కవిత్వమంటారా అని అలిగినవారున్నారు. 2013లో మ్యాన్ బుకర్ అంతర్జాతీయ పురస్కారం అందుకున్న లిడియా డేవిస్ రచనల్లో కొన్ని ఒకటి రెండు వాక్యాలవే. వాటిని ఆమె కథలంటుంది.

ఇక్కడ రెండు వాదాలున్నాయి. పేరు అనేది రచయితకూ పాఠకుడికీ మధ్య ఒప్పందం అని ఒకరంటారు. 'కవిత' అని చెబితే పాఠకుడు నెమ్మదిస్తాడు, ప్రతి మాటనూ రెండుసార్లు తాకి చూస్తాడు; 'కథ' అంటే తొందరపడతాడు. పేరు మారితే చదువు మారుతుంది, చదువు మారితే రచనే మారుతుంది. రెండోవారు దీన్ని ఒప్పుకోరు. చప్పని పేరాకు 'గద్య కవిత' అని చీటీ అంటించినంత మాత్రాన ఉప్పు పుట్టదని, రూపం రచన లోపల ఉండాలని వారి మాట. రెండో వాదంలో ఆవేశానికి కారణముంది. శ్రమపడకుండా తప్పించుకోవడానికి ఈ పేరును వాడుకున్నవారు ఉన్నారు. అయితే మొదటి వాదంలో మనం సాధారణంగా ఒప్పుకునే దానికంటే ఎక్కువ నిజం ఉందని నాకనిపిస్తుంది. ఉరితాడు రచనను కథగా చదివితే చివరి మలుపు దగ్గర ఆగిపోతాం. కవితగా చదివితే తాడు మొదటిసారి కనిపించిన చోటికి వెనక్కి వెళతాం.

మొదటి మెరుపు ఎంత, చేతిపని ఎంత?

పుట్టుక ప్రశ్నకు రెండు ప్రసిద్ధమైన జవాబులు ఉన్నాయి. రెండింటినీ కొంచెం అనుమానంతోనే వినాలి.

ఇంగ్లీషు కవి కోల్రిజ్ 1816లో ఒక కవిత అచ్చు వేస్తూ, అది నిద్రలో వచ్చిందన్నాడు. ఒంట్లో నలతకు ఇచ్చిన మందు తీసుకుని కునుకు పట్టాక రెండు మూడు వందల పంక్తులు వాటంతటవే కూడాయని, లేచి రాసుకుంటుండగా పొరుగూరి నుంచి ఎవరో పని మీద వచ్చి గంటసేపు కూర్చునేసరికి మిగిలినది ఆవిరైపోయిందని చెప్పాడు. చేతికి దక్కినవి యాభై నాలుగు పంక్తులు. కానీ ఆయన చేతిరాత ప్రతి ఒకటి దొరికింది. అచ్చులో పది మైళ్ళని ఉన్న చోట అందులో పన్నెండు మైళ్ళని ఉంది. కలలో వచ్చినదాన్ని కూడా ఆయన మెలకువలో కొలిచి చూసుకున్నాడు.

పో దీనికి పూర్తిగా అవతలి ఒడ్డు. 1846లో ఒక వ్యాసం రాసి, అంతకు ముందు ఏడు పేరు తెచ్చిన తన కవితను లెక్క కట్టి రాశానన్నాడు. సుమారు వంద పంక్తులు చాలనుకున్నాడట. పల్లవిలా తిరిగి వచ్చే మాటకు ఏ అచ్చు, ఏ హల్లు బాగా మోగుతాయో చూసి ఆ మాటను ఎంచుకున్నాడట. ఆ లెక్కలు రాశాక వేసినవని అనుమానించినవారు తక్కువేమీ కాదు. నాకూ ఆ అనుమానం ఉంది.

మన దగ్గర ఈ చర్చ ఇంకా సూక్ష్మంగా జరిగింది. పదకొండో శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు మమ్మటుడు కావ్యం పుట్టడానికి శక్తి, నిపుణత, అభ్యాసం అని మూడు చెప్పాడు. శక్తి పుట్టుకతో వచ్చే బీజం. నిపుణత లోకాన్నీ శాస్త్రాలనూ కావ్యాలనూ చూసి సంపాదించేది. అభ్యాసం తెలిసినవారి దగ్గర చేసే సాధన. అక్కడితో ఆగితే మామూలు జాబితా. అయితే ఆయన "హేతుః, న తు హేతవః" అని చేర్చాడు. కారణం అన్నాను, కారణాలు అనలేదు. మూడూ కలిస్తేనే ఒక కారణం. విడదీసి ఏది ఎంత అని అడిగితే ఆ ప్రశ్నే తప్పు.

పదిహేడో శతాబ్దంలో మన తెలుగువాడైన జగన్నాథ పండితరాయలు దీన్ని ఒప్పుకోలేదు. కవిలోని ప్రతిభ ఒక్కటే కారణమన్నాడు. ఆ ప్రతిభ ఒకరికి దైవానుగ్రహం వల్ల రావచ్చు, ఇంకొకరికి చదువూ సాధనా వల్ల రావచ్చు. ఇద్దరికీ ఎంతో ముందే దండి అనే ఆలంకారికుడు మూడో మాట చెప్పి ఉన్నాడు: పుట్టుకతో వచ్చే ప్రతిభ లేకపోయినా, వినికిడితో, ప్రయత్నంతో కొలిస్తే వాగ్దేవి ఏదో ఒక అనుగ్రహం చూపి తీరుతుంది. రాయడం కొత్తగా మొదలుపెట్టినవారంతా దండి పక్షమే ఎందుకుంటారో ఊహించడం కష్టం కాదు.

చొక్కా చిత్తుప్రతి దగ్గరికి మళ్ళీ

పైన ఇచ్చిన మూడు ముక్కల్లో నేను నిజంగా చూసింది ఒక కొట్టులో దుమ్ము పట్టకుండా కవరు తొడిగి ఉంచిన చొక్కాను మాత్రమే. ఎవరిదని అడిగితే దర్జీ "రావాలి సార్" అన్నాడు. ఆ మాటలో కథా ఉంది, కవితా ఉంది. ఏది రాయాలో అది చెప్పలేదు.

కథ మొదటి చిత్తులో ఈ వాక్యం ఉంది: "ఆ పిల్లవాణ్ణి చూడగానే దర్జీ గుండె బరువెక్కింది." కొట్టేశాను. ఆ గుండె ఇప్పటికి లక్ష కథల్లో బరువెక్కి ఉంటుంది. అయితే 'బరువు' అన్న మాట పోలేదు. రెండు రోజుల తర్వాత అది దర్జీ గుండెలోంచి దిగి, పిల్లవాడి ఒంటి మీద మడత పెట్టిన గుడ్డ బరువై కూర్చుంది. ఆ మడతలు అంతకు ముందు కథలో లేవు. దర్జీ గుడ్డను మామూలుగానే కోసేశాడు. మాట ఒకటి చోటు మారితే సంఘటన మారింది. దీన్ని స్ఫూర్తి అనాలో దిద్దుబాటు అనాలో మమ్మటుణ్ణి అడగాలి.

గద్య కవిత చివర "చావు కొలతలు తీసుకోదు" అని ఉండేది. చదివినవారందరికీ నచ్చింది. అందుకే అనుమానం వచ్చింది. అది సామెతలా తలుపు మూసేస్తోంది. ఆ తర్వాత చొక్కా వైపు ఎవరూ చూడరు. తీసేస్తే 'ఒక్క అంగుళం తగ్గలేదు' దగ్గర ఆగింది.

వచన కవిత ఇంకా కుదరలేదు. 'చొక్కా' ఒంటరిగా ఒక పాదంలో ఉండాలా, 'ఎదురు చూస్తోంది' పక్కన చేరాలా అన్నది తేలడం లేదు. నిన్న కలిపాను. ఈ ఉదయం మళ్ళీ విడదీశాను.